ద్వారకలో గోంగూర

తిరువూరు మీద కథ రాయబూనినవాళ్లు చాలామంది మొదటి పేరాలోనే మామిడితోటను దింపేస్తారు. తోటలున్న ఊరే, తప్పులేదు. కానీ పూత, కోయిల, చల్లగాలి అంటే ఆ పేరా నూజివీడుకూ సరిపోతుంది. పూత మీదే తోట కొన్న వ్యాపారి గాలివాన రాత్రి టార్చిలైటు పట్టుకుని, రాలిన కాయలు లెక్కపెట్టుకుంటున్నాడని రాయండి. పాఠకుడు ఆ తోటలోకి వచ్చేస్తాడు.

ఊహాలోకాన్ని నిలబెట్టేది ఇలాంటి చిల్లర సరుకే. ఈ విద్యలో తెలుగువాళ్లకు ఇంటిపాఠం ఒకటుంది: 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. అందులో కృష్ణుడి వేషం కట్టినాయన పేరే ఇప్పుడు తిరువూరున్న జిల్లాకు పేరు.

ఘటోత్కచుడి మాయలు, మనసులో ఉన్నది చూపించే ప్రియదర్శిని పెట్టె... ఇవేవీ నమ్మదగ్గవి కావు. అయినా మూడు గంటలు ద్వారకలో కాపురం చేసి వస్తాం. అక్కడ జరిగేది అచ్చం మన పెళ్లి మరి! శర్మ, శాస్త్రి మగపెళ్లివారి తరఫున ముందుగా విడిదిలో దిగుతారు. ఏ వంక దొరుకుతుందా అని వెతికి వెతికి, చివరికి గోంగూర దగ్గర పట్టుకుంటారు. ద్వాపరయుగంలో, కౌరవుల పెళ్లిలో గోంగూర! చరిత్ర పండితుడు నవ్వుకోవచ్చు. హాల్లో కూర్చున్నవాడికి మాత్రం సొంత వియ్యంకుడు గుర్తొస్తాడు. కూర సంగతి ఎలా ఉన్నా, వంకపెట్టే తీరు నూటికి నూరుపాళ్లు నిజం.

మాటలూ అంతే. కాఫీ గీఫీ, పుస్తకం గిస్తకం అనడం మనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. పింగళి ఆ అలవాటునే పట్టుకుని కంబళి పక్కన గింబళిని, తల్పం పక్కన గిల్పాన్ని పుట్టించాడు. రాక్షసులు చేసిన మంచానికి పేరు మన వసారాలోంచి వెళ్లింది!

కోట్లు పోసి కోట కట్టి, అందులో అన్నం ఎవరు వండుతారో చెప్పని సినిమాలు ఇప్పటికీ వస్తున్నాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

తిరువూరుకే వద్దాం. భద్రాచలం వైపు వెళ్లే బస్సు ఈ ఊరు దాటాక రాష్ట్రం మారుతుంది. 2014 జూన్ 2కు ముందు అది వట్టి జిల్లా సరిహద్దు. ఆ తేడాను కథలో పెట్టడానికి అసెంబ్లీ దాకా పోనక్కర్లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, అదీ రాష్ట్రం హద్దు వరకే. సత్తుపల్లి వైపు కాపురమున్న ఆడపడుచు తిరువూరులోని పుట్టింటికి తెలంగాణ బస్సెక్కితే, హద్దు దాకా జీరో టికెట్టు, మిగతా కాసిని కిలోమీటర్లకు డబ్బులిచ్చి ఇంకో టికెట్టు.

ఈ ఊరి మీద కథ రాసేవాళ్లు ఆ రెండు టికెట్లూ పారేయకుండా దాచుకోండి.