చిన్న కళాశాలయా, మహావిశ్వవిద్యాలయమా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఉన్నత పాఠశాల చదువు ముగించు బాలబాలికలకు 17, 18 ఏండ్ల ప్రాయముననే ఒక చిక్కు ప్రశ్న ఎదురగును. 2,000 మంది విద్యార్థులున్న చిన్న కళాశాలలో చేరుటయా, 40,000 మందికి పైబడి చదువుకొను మహావిశ్వవిద్యాలయమునకు పోవుటయా? భారతదేశములో కళాశాల సాధారణముగా ఒక విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, దాని పరీక్షలకే విద్యార్థులను సిద్ధపరచును. అమెరికాలోని ఈ చిన్న కళాశాల అట్టిది కాదు. పాఠ్యక్రమమును తానే ఏర్పరచుకొనును. పట్టమును తానే యొసగును.

ఇట్టివానిని 'లిబరల్ ఆర్ట్స్' కళాశాలలని వ్యవహరింతురు. ఈ పేరు విని, అచ్చట చిత్రలేఖనము, సంగీతము మాత్రమే నేర్పుదురని కొందరు భ్రమపడుదురు. మధ్యయుగముల ఐరోపాలో వ్యాకరణము, తర్కము, వక్తృత్వము, అంకగణితము, రేఖాగణితము, ఖగోళము, సంగీతము అను 7 విద్యలకు ఆ పేరుండెను. స్వతంత్రుడైన మానవునకు తగిన విద్యలని దాని భావము. నేడు ఈ కళాశాలలలో భౌతికశాస్త్రము మొదలు చరిత్ర వరకు అన్నియు కలవు. విద్యార్థి తొలుత పలు విషయములను రుచి చూచి, పిమ్మట ఒకదానిని ప్రధానముగా ఎన్నుకొనును.

మసాచుసెట్స్ రాష్ట్రమున 1793లో స్థాపింపబడిన విలియమ్స్ కళాశాల ఇట్టివానిలో పేరు పొందినది. అచ్చట కొన్ని పాఠములను ఇద్దరు విద్యార్థులు, ఒక అధ్యాపకుడు కలిసి నడుపుదురు. ఒక వారము ఒకడు వ్యాసము వ్రాసి తెచ్చును. రెండవవాడు దానిలోని లోపములను ఎత్తి చూపును. మరు వారము పాత్రలు తారుమారగును. అధ్యాపకుడు ఎక్కువసేపు వినుచుండును. తప్పించుకొని కూర్చుండుటకు ఆ గదిలో వెనుక బెంచీ లేదు! చదువక వచ్చినవాడు కొలది నిమిషములలోనే బయటపడును. ఈ కళాశాలకు 1836 నుండి 1872 వరకు మార్క్ హాప్కిన్స్ అధ్యక్షుడుగా నుండెను. ఆయన శిష్యుడు గార్ఫీల్డ్ 1881లో దేశాధ్యక్షుడయ్యెను. ఒక దుంగకు ఈ కొసన హాప్కిన్స్, ఆ కొసన విద్యార్థి కూర్చున్నచో కళాశాలకు అంతకుమించి అక్కరలేదని గార్ఫీల్డ్ తలంచెనని చెప్పుకొందురు.

కాని దుంగమీద కూర్చుండి పరమాణువును ఛేదింప వీలుకాదు గదా! దానికి బర్క్లీ వంటి చోటు కావలెను. 1868లో నెలకొల్పబడిన ఆ విశ్వవిద్యాలయమున ఎర్నెస్ట్ లారెన్స్ 1931లో సైక్లోట్రాన్ యంత్రమును నడిపించి చూపెను. మొదటిది అరచేతిలో ఇముడునంతటిది. తరువాతివానికి పెద్ద భవనములే కావలసివచ్చెను. లారెన్స్‌కు 1939లో నోబెల్ బహుమతి లభించెను. అట్టి యంత్రాగారములు, లక్షల గ్రంథములు, వందలకొలది పాఠ్యవిషయములు చిన్న కళాశాలకు అందనివి. రాష్ట్ర ప్రభుత్వపు విశ్వవిద్యాలయమున ఆ రాష్ట్రవాసులకు రుసుము కూడ తక్కువ. ఇది స్వల్ప విషయమని త్రోసివేయువారు కలిమిగలవారై యుందురు.

అయినను ఆ వైభవము మొదటి సంవత్సరపు విద్యార్థికి ఎంతవరకు దక్కును? అతడు పలుమారు వందలమందితో నిండిన మందిరమున ఒక మూల కూర్చుండును. అతని వ్యాసమును తరచుగా దిద్దువాడు ప్రసిద్ధుడైన ఆచార్యుడు కాడు, ఆయనవద్ద పరిశోధన సేయు యువకుడు. పదునేడేండ్లకే విమాన నిర్మాణమే తన వృత్తియని నిశ్చయించుకొన్నవానికి ఇది కొరతగా తోపదు. అతడు విశ్వవిద్యాలయమునకే పోవలెను, ఏలనన పెక్కు చిన్న కళాశాలలలో ఇంజనీరింగు శాఖయే లేదు. ఇంకను మనసు కుదురుకొననివానికి మాత్రము చిన్న కళాశాలయే మేలు.

పెద్ద ప్రయోగశాల వానికి దూరమగునను భయము అక్కరలేదు. జాన్ మాథర్ అను శాస్త్రజ్ఞుడు 1968లో పెన్సిల్వేనియాలోని స్వార్థ్‌మోర్ అను చిన్న కళాశాలలో పట్టభద్రుడై, పిమ్మట బర్క్లీకి పోయి 1974లో డాక్టరేటు పొందెను. విశ్వపు తొలినాళ్లనుండి మిగిలియున్న వికిరణమును కొలుచుటకు 1989లో కోబ్ ఉపగ్రహము ప్రయోగింపబడెను. ఆ కృషికి 2006లో జార్జ్ స్మూట్‌తో కలిసి నోబెల్ బహుమతి నందెను. ఆ స్వార్థ్‌మోర్‌లోనే 1922 నుండి ఒక చక్కని పద్ధతి కలదు: ఆనర్స్ విద్యార్థులను పరీక్షించుటకు బయటినుండి పండితులు వత్తురు. అందువలన పాఠము చెప్పినవాడు తీర్పరి కాక విద్యార్థి పక్షము వాడగును.

తెలుగునాట ఈ కళాశాలల పేర్లు వినబడుట అరుదు. ఇచ్చటినుండి పోవువారిలో ఎక్కువమంది పట్టభద్రులైన పిదప మహావిశ్వవిద్యాలయములకే పోవుదురు. కాని అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు ఈ ప్రశ్న తప్పదు. కుమార్తె స్వార్థ్‌మోర్ పేరు చెప్పినచో, "అదెక్కడిదమ్మా? మనవాళ్లెవరూ ఎరుగరే!" అని తండ్రి అనుట సహజము. బంధువుల యెరుకను కొలబద్దగా గొనుటకన్న ఆ దేశపు ఆచారము మేలైనది. చేరుటకు ముందే విద్యార్థి రెండు చోట్లకును పోయి, ఒక పూట తరగతిలో కూర్చుండి చూడవచ్చును. అట్లు పోయిన బాలిక భవనముల యెత్తును చూడనక్కరలేదు. పాఠము ముగిసిన పిమ్మట సందేహమడుగుటకు ఎందరు నిలిచిరో, అధ్యాపకుడు వారికొరకు ఎంతసేపు ఆగెనో చూచి రావలెను.