తీగ తెగకుండానే చీకటి

2012 జులై 31 మధ్యాహ్నం 1 గంటకు ఢిల్లీలో విద్యుత్తు ఆగినప్పుడు నేను సంసద్ మార్గ్‌లో ఒక మిత్రుని కార్యాలయంలో ఉన్నాను. ముందురోజు వేకువన 2.33కు ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలి ఉన్నందున ఎవరూ అంతగా ఆశ్చర్యపోలేదు. అయితే ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా కూలిపోయాయి. సుమారు 62 కోట్ల మంది నివసించే ప్రాంతం విద్యుత్తుకు దూరమైంది. రైళ్లు ఆగాయి, తూర్పున బొగ్గు గనులలో కార్మికులు చిక్కుకుపోయారు. విద్యుత్ శాఖను చూస్తున్న సుశీల్‌కుమార్ షిండేకు హోంశాఖ లభించింది ఆనాడే కావడం రాజధాని చమత్కారాలలో ఒకటి.

రెండు దినాలూ ఉపద్రవం ఆరంభమైంది ఒకే చోట, బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైనులో. దాని జంట మార్గాన్ని శక్తి పెంచే పనికై అప్పటికే నిలిపి ఉంచారు. తీగ తెగలేదు, పిడుగు పడలేదు. భారం మితిమీరి వోల్టేజీ తగ్గగా, రక్షణకై అమర్చిన రిలే దానినే లోపమని భ్రమించి లైనును విడగొట్టింది. ఆ విద్యుత్తు తూర్పు ప్రాంతం గుండా చుట్టుదారి పట్టింది. ఆ తాకిడికి అక్కడి లైన్లు ఒకదాని వెంట ఒకటి విడిపోయాయి. మొదటినాడు ఒంటరిగా మిగిలిన ఉత్తరాదిలో వినియోగం హెచ్చు, ఉత్పత్తి తక్కువ. పౌనఃపున్యం పడిపోగా, తమను తాము కాపాడుకొనేందుకు జనరేటర్లు ఆగిపోయాయి. ప్రతి యంత్రమూ తన మట్టుకు తాను సరిగానే ప్రవర్తించిందన్నమాట!

రాష్ట్రాలూ అంతే. వర్షాలు ముఖం చాటేసిన ఆ రోజుల్లో పంపుసెట్లకై కోటాకు మించి తోడుకొన్నాయి. తగ్గించమన్న ఆదేశాలను లక్ష్యపెట్టలేదు. అధికంగా వాడితే చెల్లించవలసిన రుసుము ఆచరణలో శిక్ష కాలేదు, కొనుగోలు ధర అయింది. ఆపత్సమయంలో కొంత భారాన్ని వాటంతటవే తొలగించవలసిన రిలేల వల్ల తగినంత ఉపశమనం లభించలేదని విచారణ సంఘం ఆగస్టులో నివేదించింది. ఏ ఫీడరును కోయాలన్నది నిజానికి ఇంజనీరు ప్రశ్న కాదు, శాసనసభ్యుని ప్రశ్న.

ఆ దినాలలో దక్షిణాది గ్రిడ్ నిలబడటాన్ని మన ప్రయోజకత్వంగా భావించినవారున్నారు. గాజువాక వంటి చోట్ల మనను కలిపినవి డి.సి. మార్గాలు, అవి విద్యుత్తును రానిస్తాయి, పౌనఃపున్య కల్లోలాన్ని రానివ్వవు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మనమూ ఏకగ్రిడ్‌లో చేరాము. అది లాభమే, కాదనను. కాని గ్వాలియర్‌లో జరిగేది ఇప్పుడు గాజువాకకు పరాయి విషయం కాదు. పార్లమెంటు గ్యాలరీలో కూర్చొని మెగావాట్ల గురించి ఎన్నో ప్రశ్నలు విన్నాను. రిలేల గురించి విన్న జ్ఞాపకం లేదు.