లాప్‌టాపు బేరం: కొట్టేసిన ధర కాదు, విప్పి చూడండి

ఆషాఢంలో చీరల కొట్టు ముందు "సగానికి సగం ధర" అని బ్యానరు కట్టినంత మాత్రాన మన అమ్మలు ఎగబడి కొనెయ్యరు. వైశాఖంలో ఇదే చీర ఎంతకి అమ్మాడో ముందు ఆరా తీస్తారు. అంచు పట్టుకుని చూస్తారు, మడత విప్పిస్తారు, రంగు పోతుందా అని అడుగుతారు. బీటెక్కులూ ఎంసీయేలూ చదివిన మనం మాత్రం లాప్‌టాపు కంపెనీ సైటులో కొట్టేసిన ఒక పెద్ద ధర, దాని పక్కన ఎర్రక్షరాల్లో "42 శాతం తగ్గింపు", ఇంకో మూడు గంటలే ఉందని బెదిరించే గడియారం చూడగానే కార్డు బయటికి తీస్తాం.

ఇందులో మన తప్పు కొంతే. మనలో చాలామందికి పదిహేనేళ్ళుగా లాప్‌టాపు కొనాల్సిన అవసరమే రాలేదు. ఆఫీసు వాడిచ్చాడు, వాడుకున్నాం. పిల్లల ఫీజు కట్టినా, ఇన్‌కమ్ టాక్సు రిటర్ను వేసినా అందులోనే. 2022 చివర్లో మొదలైన ఉద్యోగాల కోతలు చూశాక తెలిసొచ్చింది, ఆ యంత్రం మనది కాదని. పొద్దున మీటింగు, మధ్యాహ్నానికి లాగిన్ బందు. ఇంటర్వ్యూలకి తయారవడానికైనా సొంత యంత్రం లేకపోతే ఎట్లా? అందుకని మనలో ప్రతివాళ్ళకీ సొంతంగా ఒక గట్టి లాప్‌టాపు ఉండి తీరాలని నా అభిప్రాయం. లక్ష రూపాయల మాట కాబట్టి బేరం కూడా తెలిసి ఉండాలి.

గట్టిది అంటే నా లెక్కలో బిజినెస్ రకం. థింక్‌ప్యాడ్ (1992లో ఐబీఎం మొదలెట్టింది, 2005 నుంచి లెనోవో చేతిలో ఉంది), హెచ్‌పీ ఎలీట్‌బుక్, డెల్ లాటిట్యూడ్ (2025లో ఈ పేరు తీసేసి డెల్ ప్రో అన్నారు), ఈ వరస. చూడ్డానికి ఇవేమీ అందగత్తెలు కావు. కానీ విప్పడం ఎలాగో బొమ్మలతో సహా చెప్పే మాన్యువలు ఉంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. పైగా ప్రాసెసరూ, తెరా, మెమొరీ మనకి కావలసినట్టు ఏరుకుని ఆర్డరివ్వచ్చు. అసలు చిక్కంతా ఈ ఏరుకోవడంలోనే ఉంది.

చవక విమానం టిక్కెట్టు ఎలా అమ్ముతారో తెలుసు కదా? టిక్కెట్టు మూడు వేలే. తర్వాత కిటికీ సీటుకి ఇంత, సామానుకి ఇంత, ఉప్మాకి ఇంత. ఇక్కడా అంతే. మొదటి పేజీలో కనిపించే ధర ఎవరూ కొనని కాన్ఫిగరేషనుది. 8 జీబీ మెమొరీ, 256 జీబీ డిస్కు, వెలవెలబోయే తెర. అక్కణ్ణుంచి ఒక్కో నొక్కుకీ ఐదు వేలు, పది వేలు. లాభం ఆ నొక్కుల్లోనే ఉంటుంది.

ఊరికే అనడం లేదు. ఆస్ట్రేలియాలో డెల్ కంపెనీ లాప్‌టాపుతో పాటు మానిటరు కూడా తీసుకుంటే తగ్గింపు అని చూపించింది. అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకెక్కింది. ఆ కొట్టేసిన ధరలు అంతకు ముందు నిజంగా అమ్మిన ధరలు కావనీ, కొన్నిసార్లు మానిటరు విడిగా కొన్నా ఇంతకన్నా చవకగా వచ్చేదనీ తేలింది. 2023లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కాబట్టి ఎంత శాతం తగ్గించాడన్నది పక్కన పెట్టండి. చివర్లో కట్టే మొత్తం ఎంత, దానికి వచ్చేదేమిటి, అంతే లెక్క.

ఇక నా సూత్రం. కాయితం మీద రెండు వరసలు గీయండి. మొదటి వరసలో తర్వాత మార్చుకోలేనివి, రెండో వరసలో స్క్రూడ్రైవరుతో మార్చుకోగలిగేవి. మొదటి వరసకి కంపెనీ వాడికే డబ్బులివ్వండి, పిసినారితనం వద్దు. రెండో వరసలో వాడు అన్నిటికన్నా తక్కువకి ఏమిస్తే అది తీసుకోండి. మిగతాది బయట కొని మనమే పెట్టుకోవచ్చు.

ఏది ఏ వరసో మోడలుని బట్టి మారుతుంది. అందరూ తడబడేది మెమొరీ దగ్గరే. 2018 నాటి థింక్‌ప్యాడ్ టీ480లో రెండు మెమొరీ స్లాట్లుండేవి. మరుసటేడు వచ్చిన టీ490లో కొంత మెమొరీని బోర్డుకే అతికించేసి ఒక్క స్లాటు మిగిల్చారు. ఎక్స్1 కార్బన్‌లో మొత్తం అతుకుడే. మళ్ళీ 2024లో టీ14 ఐదో తరంలో రెండు స్లాట్లూ తిరిగొచ్చాయి, ఐఫిక్సిట్ వాళ్ళు దానికి మరమ్మతు సులువు విషయంలో పదికి తొమ్మిది మార్కులేశారు. అంటే పేరు చూసి కొంటే కుదరదు, తరం చూడాలి. లెనోవో అయితే పీఎస్ఆర్ఈఎఫ్ అని ప్రతి మోడలుకీ వివరాల పత్రం ఇస్తుంది. అతుకుడు మెమొరీ ఎంత, స్లాట్లెన్ని, గరిష్ఠం ఎంత, తెర ఏ రకం, అన్నీ అందులో ఉంటాయి. ఆ పత్రం చదవకుండా లక్ష రూపాయలు కట్టడమంటే లింకు డాక్యుమెంట్లు చూడకుండా ప్లాటు కొనడమే.

అతుకుడు మెమొరీ అయితే మొదటి రోజే 32 జీబీ తీసుకోండి. వాడు ఎంత ఎక్కువ చెప్పినా సరే, రెండేళ్ళ తర్వాత ఆ అవకాశం ఉండదు. స్లాట్లుంటే మాత్రం కనీసం తీసుకుని బయటి ధరతో పోల్చండి. ఒకప్పుడైతే కళ్ళు మూసుకుని బయట కొనమనేవాళ్ళం. 2025 చివర్లో మెమొరీ ధరలు విపరీతంగా పెరిగాక ఆ మాట గుడ్డిగా చెల్లదు, ఒక్కోసారి కంపెనీ ధరే నయం కావచ్చు. కొనే రోజున రెండూ చూడాల్సిందే. ఒక సంగతి, ప్రాసెసరులోనే కలిసి ఉన్న గ్రాఫిక్సు మెమొరీని పంచుకుంటుంది కాబట్టి రెండు స్లాట్లూ నింపితే వేగం తేడా తెలుస్తుంది.

డిస్కు దాదాపు ఎప్పుడూ రెండో వరసే. కాకపోతే పొడవు చూసుకోండి, 2280 పట్టేవి కొన్ని, పొట్టి 2242 మాత్రమే పట్టేవి కొన్ని.

తెర మొదటి వరస. మార్చొచ్చు గానీ అదో పెద్ద తద్దినం. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే రంగులు వెలిసిపోయి కనిపిస్తాయని అర్థం. "100 శాతం ఎస్ఆర్‌జీబీ, 400 నిట్లు" ఉంటే అది తీసుకోండి. రోజుకి పది గంటలు కళ్ళు పెట్టేది దాని మీదే కదా. సిమ్ కార్డు సదుపాయం ఎప్పటికైనా కావాలనుకుంటే యాంటెన్నా ఉన్నది ఇప్పుడే ఎంచుకోండి. కార్డు తర్వాత కొనొచ్చు, యాంటెన్నా తర్వాత దూర్చడం మాత్రం ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. బ్యాటరీలో పెద్దది అడగండి. టీ14లో 39.3, 52.5 వాట్ అవర్లని రెండు రకాలు వచ్చాయి. చిన్నది కొని తర్వాత పెద్దది కొంటే రెండుసార్లు కట్టినట్టే.

అక్కర్లేనివి ఏమిటంటే, వీప్రో అన్నది ఆఫీసు ఐటీ వాళ్ళు దూరం నుంచి వందల యంత్రాల్ని చూసుకోవడానికి. ఒంటరివాడికి దాంతో పనిలేదు. విండోస్ ప్రో కూడా అందరికీ అక్కర్లేదు. డబ్ల్యూఎస్ఎల్ హోమ్‌లోనూ నడుస్తుంది, దాని మీద డాకరూ నడుస్తుంది. హైపర్-వీ కావాలన్నా, ఈ యంత్రంలోకి బయట నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావాలన్నా ప్రో తీసుకోండి. లినక్స్ వాళ్ళయితే ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా ఇచ్చే అవకాశం ఉందేమో చూడండి. సంచీ, మౌసు, యాంటీవైరసు పెట్టెల్లో ముందే టిక్కులు పెట్టి ఉంటే తీసెయ్యండి.

ఇక పన్నులు. మన దేశంలో లాప్‌టాపు మీద జీఎస్టీ 18 శాతం. ఫ్రీలాన్స్ చేస్తూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు వ్యాపారానికే కొంటే, బిల్లులో తమ నంబరు వేయించుకోవాలి. 1,18,000 బిల్లులో 18,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా సర్దుబాటవుతుంది. ఏ పండగ సేలూ ఇంత ఇవ్వదు. అలాగే "నో కాస్ట్ ఈఎంఐ" అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాడు ఆ మేరకు ధర తగ్గిస్తాడు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన నెత్తినే పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ అదనం.

అమెరికాలో బావమరిది ఉన్నాడు కదా, తెప్పిస్తే పోలా? తెప్పించొచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రయాణికుడు ఒక లాప్‌టాపుని సుంకం లేకుండా సామానులో తెచ్చుకోవచ్చు. కొరియర్లో పంపితే ఈ వెసులుబాటు లేదు. ఆయన ఆరెగాన్‌లో ఉంటే సేల్స్ టాక్సు లేదు, డాలస్‌లో ఉంటే 8.25 శాతం దాకా పడుతుంది. ఆ వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ఆ మోడలుకి కంపెనీ రాతపూర్వకంగా ఏం చెప్పిందో చూడండి. పైగా మనం ఏరుకున్న యంత్రం తయారై రావడానికి వారాలు పట్టొచ్చు, ఆయన టిక్కెట్టు దాని కోసం ఆగదు. తేడా పది పదిహేను వేల లోపైతే ఆయన్ని హాయిగా పిల్లల బట్టలూ చాక్లెట్లూ తెచ్చుకోనివ్వండి :-)

బేరం ఆడడానికి వీలుందా అంటే ఉంది, సైటులో కాదు, ఫోన్లో. చిన్న వ్యాపారాలకి విడిగా అమ్మకాల మనిషి ఉంటాడు. కావలసిన భాగాల జాబితా ముందే రాసుకుని కొటేషను ఈమెయిల్లో అడగండి. అలాంటిదే ఇంకో కంపెనీ దగ్గరా తీసుకోండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి అడిగితే మాటకి బరువొస్తుంది. అమ్మకాల వాళ్ళకి టార్గెట్లుంటాయి కాబట్టి ఆర్థిక సంవత్సరం చివరి రోజుల్లో అడగడం మంచిది. లెనోవోకి అది మార్చి నెలాఖరు, హెచ్‌పీకి అక్టోబరు నెలాఖరు, డెల్‌కి జనవరి నెలాఖరు అటూ ఇటూ. ఒక జాగ్రత్త, మనకోసం ప్రత్యేకంగా చేయించిన దాన్ని వెనక్కి ఇవ్వడం కష్టం. డబ్బు కట్టే ముందు ఆ షరతు చదవండి.

చేతిలో అంత లేదంటే పాతదైనా బిజినెస్ రకమే కొనమంటాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైవాటికే (ఏడో తరంలో వేళ్ళ మీద లెక్కపెట్టేవి తప్ప) విండోస్ 11 అధికారికంగా వస్తుంది. సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోట కొనేటప్పుడు బయాస్‌లోకి వెళ్ళి పాస్‌వర్డు ఉందేమో చూడండి, సీరియల్ నంబరుతో వారంటీ చూడండి. బయాస్ పాస్‌వర్డు ఉన్న యంత్రం ఎంత చవకైనా వద్దు.

చివరి లెక్క. ఉదాహరణకి, విప్పలేని లాప్‌టాపు 75,000కి దొరికి, మెమొరీ చాలక రెండున్నరేళ్ళకి మూలన పడిందనుకుందాం. నెలకి 2,500. విప్పగలిగేది అన్నీ కలిపి 1,20,000 పడి ఐదేళ్ళు నడిచిందనుకుందాం. నెలకి 2,000. ఏది చవక?

మెమొరీ అతికిస్తే పలచగా ఉంటుంది, కరెంటు తక్కువ తింటుంది అని కంపెనీలు చెప్పేది అబద్ధం కాదు. కానీ అదే రకం మెమొరీని మార్చుకునేలా బిగించే ఎల్‌పీకామ్2 అన్న పద్ధతిని 2024లో లెనోవోయే తన థింక్‌ప్యాడ్ పీ1లో పెట్టింది. కాబట్టి చెయ్యలేక కాదు, మనం అడగక. స్లాట్లు తీసేశారు, మనం నోరు మూసుకుని కొన్నాం. కొంతమంది గట్టిగా గోల పెట్టాక కొన్నిట్లో తిరిగొచ్చాయి. మనం దేనికి డబ్బు కడితే వచ్చే ఏడు అదే ఎక్కువ తయారవుతుంది.

అందుకే కొనేముందు "ఎంత తగ్గిస్తావ్?" కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "ఇది నేను విప్పుకోవచ్చా?" దానికి సమాధానం తిన్నగా చెప్పనివాడు ఎంత తగ్గించినా అది ఖరీదే.