రక్తంలో లేదట, రోగం పోయిందట!

"రిపోర్టులో వైరస్ కనిపించలేదు, కనుక మా మందుతో హెచ్.ఐ.వి. నయమైంది." ఎయిడ్స్‌కు మూలికలు, చూర్ణాలు అమ్మేవాళ్ల వాదన ఇదే. ఆ రోగి అప్పటికే ప్రభుత్వం ఇచ్చే ఎ.ఆర్.టి. మాత్రలు మింగుతున్నాడా అని మాత్రం అడక్కూడదు.

ఇంకో రకం వాళ్లున్నారు. వీళ్లు మందు అమ్మరు, సందేహం అమ్ముతారు. హెచ్.ఐ.వి. వల్ల ఎయిడ్స్ రాదని అమెరికా శాస్త్రవేత్త పీటర్ డ్యూస్‌బర్గ్ 1987 నుంచి వాదించాడు. రక్తంలో వైరస్ సోకిన కణాలు బహు తక్కువ, ఆ కాసిని చస్తే రోగనిరోధక శక్తి ఎలా కూలుతుందని ఆయన ప్రశ్న. ప్రశ్న మంచిదే. జవాబు వచ్చాక కూడా చెవులు మూసుకుంటే అది హేతువాదం కాదు, భక్తి. ఈ మాట మన మిత్రుల్లో కొందరికి కూడా చెప్పాల్సి వస్తోంది.

చూర్ణం వాళ్లూ, డ్యూస్‌బర్గూ చూస్తున్నది రక్తాన్నే. మన లింఫోసైట్లలో రక్తంలో తిరిగేవి నూటికి రెండు మాత్రమే. మిగతావి లింఫు గ్రంథుల్లో, టాన్సిల్స్‌లో, ప్లీహంలో, పేగు గోడల్లో ఉంటాయి. రోగి పైకి ఆరోగ్యంగా కనబడే సంవత్సరాల్లో కూడా లింఫు గ్రంథుల్లో వైరస్ కిటకిటలాడుతోందని 1993లోనే తేలింది.

సరే, సోకిన కణాలు తక్కువే, మరి అన్ని కణాలు ఎందుకు చస్తున్నాయి? శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టోన్ సంస్థలో వార్నర్ గ్రీన్ బృందం ఆపరేషన్‌లో తీసేసిన మనుషుల టాన్సిల్స్ మీద ప్రయోగాలు చేసి 2010 నుంచి 2014 దాకా దీనికి జవాబిచ్చింది. చచ్చే సి.డి.4 కణాల్లో నూటికి 95 వైరస్‌ను తయారుచేసేవి కావు. వైరస్ వాటిలోకి దూరుతుంది గాని, అవి విశ్రాంతిలో ఉన్న కణాలు గనుక దాని డి.ఎన్.ఏ. తయారీ సగంలో ఆగిపోతుంది. ఆ సగం ముక్కల్ని కణం పసిగడుతుంది. కాస్పేస్-1 అనే ఎంజైము మేలుకుంటుంది, కణం పగిలి చస్తుంది. దీన్ని పైరోప్టోసిస్ అంటారు. పగిలినప్పుడు బయటపడే పదార్థాలు వాపు తెస్తాయి, ఆ వాపు మరిన్ని సి.డి.4 కణాల్ని అక్కడికే లాక్కొస్తుంది. మంట ఆర్పడానికి వచ్చినవాళ్లు కూడా అంటుకున్నట్టు! తమాషా ఏమిటంటే, రక్తం నుంచి తీసిన కణాలు ఇలా చావవని అదే బృందం 2015లో చూపింది. రక్తం మీదే చూపు నిలిపినవాళ్లకు ఈ చావు ఎలా కనిపిస్తుంది?

ఇది మేధావుల కాలక్షేపం కాదు. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ 2000లో తన సలహా సంఘంలో డ్యూస్‌బర్గ్‌ను కూర్చోబెట్టాడు, మందులు ఆలస్యం చేశాడు. దానివల్ల 3,30,000 మందికి పైగా చనిపోయారని 2008లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు.

మాత్రలు వైరస్ పెరుగుదలను ఆపుతాయి. లింఫు కణజాలంలో, జ్ఞాపక సి.డి.4 కణాల్లో నిద్రపోతున్న వైరస్‌ను మాత్రం తీసేయలేవు. మానేస్తే సాధారణంగా కొద్ది వారాల్లోనే అది మళ్లీ లేస్తుంది. చూర్ణం నమ్మి మాత్రలు మానినవాడికి జరిగేది ఇదే.

2004 ఏప్రిల్ 1న మన దేశంలో ఉచిత ఎ.ఆర్.టి. మొదలైంది. పుదుచ్చేరి సోలై నగర్‌లో ఉన్నవాళ్లకైనా, యానాంలో ఉన్నవాళ్లకైనా ఆ మాత్రలకు పైసా ఖర్చు లేదు. ఎయిడ్స్ నయం చేస్తామని మందు అమ్మడాన్ని ఔషధ నియమావళిలోని షెడ్యూల్ 'జె' నిషేధిస్తోంది. అలాంటి కరపత్రం దొరికితే చించి పారేయకండి, ఔషధ నియంత్రణ అధికారికి పంపండి.