లెక్కపెట్టిన బట్టలు

మా వీధి మొగలో వేపచెట్టు కింద ఇస్త్రీ బండి ఒకటి రెండేళ్ళపాటు గోనెపట్టా కప్పుకుని నిద్రపోయింది. మొన్న సంక్రాంతి వెళ్ళిన వారానికి లేచింది. దాని యజమాని జైలునుంచి తిరిగొచ్చాడు.

అతను దొంగ కాడు. తాగిన మైకంలో, ఏదో చిల్లర బాకీ దగ్గర మాటా మాటా పెరిగి, ఎదుటివాడి తల పగలగొట్టాడు. తెల్లవారి అడిగితే కొట్టిన సంగతే జ్ఞాపకం లేదన్నాడు. అతనికి జ్ఞాపకం లేకపోతే మాత్రం పగిలిన తల అతుక్కుంటుందా? రెండేళ్ళు శిక్ష వేశారు.

"రెండేళ్ళు చుక్క ముట్టలేదు కదా, ఇంక ఆ పీడ వదిలినట్టే" అంది మా ఆవిడ. నేనూ అల్లాగే అనుకున్నాను. కాని దొరకనిచోట తాగకపోవడం మానడం ఎల్లా అవుతుంది? అంతవరకూ మాన్పించింది జైలుగోడ. మనిషి తనంత తాను మానడం ఆ గోడ దాటిన తరువాతనే మొదలవుతుంది.

గోడల సంగతి మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారామీద ఎత్తిన కొంగు రాష్ట్రమంతా పాకింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. కొట్లు మళ్ళీ తెరుచుకున్నాయి.

విడుదలైనవాడికి మొదటిరోజులే గండం. చేతిలో జైల్లో పనిచేసి సంపాదించిన కూలి డబ్బులుంటాయి. బస్సు దిగేసరికి పాత స్నేహితులు ఎదురొస్తారు. వాళ్ళకు తెలిసిన మర్యాద ఒకటే. పైగా చాలాకాలం మానిన ఒళ్ళు పాత మోతాదుకు తట్టుకోలేదు. వెనకటిలాగే తాగితే ప్రాణంమీదికి రావచ్చు.

1935లో అమెరికాలో, ఆక్రన్ అనే ఊళ్ళో, షేర్ల వ్యాపారం చేసిన బిల్ విల్సనూ, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడూ కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుకు చిక్కినవాళ్ళే. ఒకరి కష్టం ఒకరు చెప్పుకుంటే తాగకుండా ఉండగలమని కనిపెట్టారు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సంఘం అల్లా పుట్టింది. రుసుము లేదు, ఇంటిపేరు అడగరు. జన్మలో ముట్టనని ఒట్లు పెట్టించరు. ఈ ఒక్కరోజూ ముట్టకుండా ఉండమంటారు. ఆ సమావేశాలు మా ఊళ్ళోనూ జరుగుతాయి. ఈ సంగతి పుస్తకాల్లో చదివి నాకు తెలుసు. తెలిసికూడా నేను చేసిన నిర్వాకం వినండి.

అతను వచ్చిన నాలుగోరోజున బట్టలు వేశాం. సాయంత్రం తెచ్చి ఇచ్చాడు. అతని ఎదుటే నేను లెక్కపెట్టాను. పదకొండు. సరిపోయాయి. పదేళ్ళుగా అతని దగ్గర బట్టలు వేయిస్తున్నాను. ఒక్కనాడూ లెక్కపెట్టి ఎరగను. అతను నా వేళ్ళకేసి చూసి, డబ్బులు తీసుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

పదిరోజుల తరువాత తనే చెప్పాడు. "ఆ సాయంత్రం తిన్నగా బ్రాందీ కొట్టుకే పోయాను మాస్టారూ. నోటు కూడా తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇస్త్రీ పెట్టెలో నిప్పులు తియ్యలేదని. బండిమీద పంతులమ్మగారి పట్టుచీర ఉంది. పరిగెత్తుకొచ్చేశాను."

ఆవిడ చీర ఇచ్చేటప్పుడు ఏమందని అడిగాను. "ఏమీ అనలేదండీ. 'పెళ్ళికి కట్టుకోవాలి, జాగ్రత్త' అంది, అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను చదివిన పుస్తకాలకంటె ఆ మూడు ముక్కలు ఎక్కువ పనిచేశాయి. జైలునుంచి వచ్చినవాడికి నీతులు చెప్పేవాళ్ళకు కరువు లేదు. పోగొడితే నష్టమయ్యే వస్తువు అతని చేతిలో పెట్టేవాళ్ళు తక్కువ. చేతినిండా పని ఉండాలి, ఆ పని అతన్ని నమ్మి ఇచ్చిందై ఉండాలి.

ఆ సమావేశం ఎక్కడ జరుగుతుందో ఆ రోజే చెప్పాను. ఇప్పుడు ఆదివారం బండి పెందరాళే కట్టేసి వెడుతున్నాడు. ఇంక తాగడని నేను హామీ ఇవ్వలేను, అతనూ ఇవ్వడు. "ఇవాళ్టికి లేదండీ" అంటాడు.

నిన్న బట్టల్లో ఒక చొక్కా తక్కువ వచ్చిందట. మేం చూసుకోలేదు. రాత్రి ఎనిమిదింటికి తనే తెచ్చి ఇచ్చాడు.

"అడుగున ఉండిపోయింది. లెక్కపెట్టుకోలేదా మాస్టారూ?"

లేదన్నాను. అతను నవ్వాడు.