జీపుల యెత్తు పెంచుటను గురించి

గిద్దలూరునందును మార్కాపురమునందును బండ్ల మరమ్మతు కొట్ల యెదుట కొంచెముసేపు నిలిచి చూచినయెడల, పాత మహీంద్రా జీపులును పికప్పు బండ్లును జాకీలపై నెక్కి, కమానులకును ఇరుసునకును నడుమ ఇనుపదిమ్మలు పెట్టించుకొని, రెండంగుళములో నాలుగంగుళములో యెత్తు పెరిగి వెలికివచ్చుట కానవచ్చును. ఏల యిట్లు చేయించితిరని యడిగిన, “మా చేనికి పోవు బాట మీ రెరుగరా?” యని రైతులు మమ్ము నెదురు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. నల్లమల యంచున, రాతిగుట్టల నడుమ, గుండ్లకమ్మలో కలియు వాగులను దాటి పొలమునకు పోవలసినవారికి బండియడుగున తగులు రాళ్ల బాధను మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. దోర్నాలనుండి శ్రీశైలము పోవు దారిని విడిచి ఇష్టకామేశ్వరీదేవి యాలయమునకు పోవు యాత్రికులును ఆ యడవిబాటలో జీపులనే యాశ్రయించుచున్నారు. కావున ఎత్తైన బండి యక్కరలేదని మేము వాదింపము. దానివలన వచ్చు లాభమెంత, పోవునదెంత యని లెక్కచూడక పెంచుట తగదని మాత్రమే మా వాదము.

లాభమును గూర్చియే మొదట విచారింతము. 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చిన నాటినుండి మేజరు, ఎమ్.ఎమ్. 540 మొదలైన బండ్లవరకు ముందువెనుకల రెండిరుసులకును కమాను పట్టీలే యుండెను. ఇట్టి బండిలో కమానును లేపిన లేచునది చట్రమును దానిమీది తొట్టియును గాని ఇరుసు గాదు. ఇరుసు చక్రముల నడుమ నుండునది. చక్రమెంత యెత్తో అది యంతే. వాగులో రాతికి మొట్టమొదట తగులునదియో, ఇరుసు నడుమ నుబ్బియుండు డిఫరెన్షియల్ పెట్టె. నాలుగంగుళముల దిమ్మను పెట్టించినను ఆ పెట్టె నేలకు వెంట్రుకవాసియైనను దూరము కాదు. చక్రము వ్యాసము రెండంగుళములు పెరిగినగాని ఇరుసు ఒక యంగుళము లేవదు. మరి దిమ్మలవలన ప్రయోజనమే లేదా? కలదు. ముందు బంపరు గట్టునకు కొట్టుకొనదు. చట్రము నడుమ మిట్టను తగులదు. పెద్ద చక్రములకు చోటు చిక్కును. ఈ మూటిలో నేది తమ కవసరమో తెలియకయే పలువురు సొమ్ము వెచ్చించుచున్నారని మాకు తోచుచున్నది.

ఇక పోవునది. చొప్పబండి ఏటవాలు గట్టుపై నొరగుట చూడని రైతు లేడు. బరువు మీదికి పోయినకొలది బండి త్వరగా బోల్తాపడును. జీపునకును ఇదే లెక్క. ఎడమ కుడి చక్రముల నడిమి దూరము 130 సెంటీమీటర్లును, భారకేంద్రము నేలనుండి 65 సెంటీమీటర్లును ఉన్నదనుకొనుడు. నిశ్చలముగా నిలిచియున్న అట్టి బండి 45 డిగ్రీల వాలువరకు పడక నిలుచును. భారకేంద్రమును పది సెంటీమీటర్లు లేపిన 41 డిగ్రీలకే పడును. నాలుగు డిగ్రీలేగదా యనవచ్చును. కాని యిది కమానులు ఆడకుండ నిలిచియున్న బండికి చెప్పిన లెక్క. బండి మలుపు తిరుగుచుండగా, ఒక చక్రము గుంటలో దిగగా, వెనుక పదిమంది నిలిచి కమ్మీలు పట్టుకొనియుండగా, మిగులు కోణము దీనిలో ఎన్నవ వంతో ఎవరును చెప్పజాలరు.

గత వర్షకాలమున మేము సజ్జ చేలను చూడబోయిన యొక గ్రామమున ఇట్లే జరిగినది. కలుపుతీత కూలీలను ఎక్కించుకొనిన జీపు వాగుగట్టు దిగుచు ప్రక్కకు ఒరగెను. ఒక యామెకు చేయి విరిగినది. తక్కినవారికి దెబ్బలు తగిలినవి. బండి నడపిన యజమాని త్రాగియుండలేదు, తొందరపడనులేదు. ప్రతిదినము దిగు గట్టునే, ప్రతిదినము దిగు తీరుననే దిగెను. బండి యెత్తు పెరిగినదనుమాట ఆతని చేతులు మరచియుండెను. కలుపుకూలి మాని రెండు నెలలు ఇంట గూర్చున్న యామె నష్టము దిమ్మల వెలలో నెవరును చేర్చుకొనరు.

చట్టమును గూర్చియు నొకమాట. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టును ఇదే దృఢపరచెను. ఆ సంవత్సరపు సవరణ ప్రకారము అట్లు మార్చిన యజమానికి ఆరు నెలలవరకు ఖైదుగాని, ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు బీమావారు మొదట అడుగు ప్రశ్న ఏదో చదువరులే యూహింపగలరు.

కావున మా సలహా యేమనగా, ముందుగా పాత కమానులను చూచుకొనుడు. ఏండ్లతరబడి బస్తాలు మోసిన పట్టీలు కూలబడి, బండి దాని జన్మపు టెత్తునే కోల్పోయియుండును. అరిగిన బుష్షులను మార్చి, కర్మాగారపు కొలతకే క్రొత్త కట్టను వేయించినయెడల పోయిన యెత్తు న్యాయముగా తిరిగివచ్చును. పెక్కుమందికి అంతకుమించి యవసరముండదు. 2020లో వచ్చిన క్రొత్త థార్ బండికి పుట్టుకతోనే నేలకు 226 మిల్లీమీటర్ల యెడమున్నది; దాని ముందు చక్రములు వేరువేరుగా నాడునవి గనుక పై దిమ్మల లెక్కయే దానికి చెల్లదు.

అధికారుల యనుమతితో ఎత్తు పెంచుకొనువారు మేస్త్రీకి అప్పగించి టీ త్రాగబోక, దగ్గర నిలిచి చూడవలయును. ముందు ఇరుసునకు దిమ్మ పెట్టనీయరాదు. బ్రేకు పడినపుడు ఇరుసు మెలితిరుగు బలమును అది యోర్వజాలదు. వెనుకనైనను దిమ్మపై దిమ్మ కూడదు. విప్పిన యూ-బోల్టులను మరల వాడరాదు. ఒకసారి బిగిసి సాగినది రెండవసారి గట్టిగా పట్టదు. క్రొత్తవానిని కొలత పానాతో బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినపిదప మరల బిగింపవలయును. కమాను పట్టీకి వెల్డింగు పెట్టిన దాని పదును చచ్చును. షాకిల్ పొడుగు చేసిన ముందు ఇరుసు వంపు మారి స్టీరింగు నిలుకడ తప్పును. చట్రము లేచినపుడు ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి క్రాసులు తినివేయబడును.

అన్నిటికంటె మరపునకు వచ్చునది బ్రేకు హోసు. చక్రము పూర్తిగా వ్రేలాడునట్లు బండిని లేపి, హోసు తీగవలె బిగియుచున్నదేమో చేతితో తడిమి చూడుడు. లేపునపుడు జాకీనే నమ్మి క్రిందికి దూరరాదు. చట్రము క్రింద గట్టి స్టాండు లుండవలయును.

పికప్పు బండ్లవారికి ఇంకొక హెచ్చరిక. కొన్నిటిలో వెనుక ఇరుసునకును చట్రమునకును నడుమ నొక కమ్మి గట్టి, బరువునుబట్టి వెనుక బ్రేకును హెచ్చించి తగ్గించు వాల్వు అమర్చబడియున్నది. చట్రమును లేపిన, నిండు బస్తాలున్నను బండి ఖాళీగా నున్నదని ఆ వాల్వు భ్రమించి వెనుక బ్రేకును తగ్గించును. గిద్దలూరు–నంద్యాల ఘాటు దిగువారు ఈమాటను బాగుగా ఆలోచింపుడు.

పైని చెప్పిన గ్రామమున ఆ బాట వాడు రైతులు పిమ్మట ట్రాక్టరుతో వాగుగట్టును కోసి వాలు తగ్గించి, నడుమనున్న రెండు పెద్దరాళ్లను పెల్లగించిరి. ఒక పూట పని. జీపు మరల పూర్వపు టెత్తునకు వచ్చినది. తీసిన దిమ్మలు ఆతని గడ్డివామిపై కప్పిన పట్టాకు బరువుగా నున్నవి.