జీపు కింద రేకు పళ్ళెం

మా మామయ్యగారి పాత మహీంద్రా జీపంటే మావారికి ప్రాణం. రంగు వేయించారు, సీట్లు కుట్టించారు. వెనక చక్రం లోపలివైపు నూనె కారుతుంటే మాత్రం "పాత బండి కదా, కారకుండా ఉంటుందా!" అని కింద రేకు పళ్ళెం పెట్టారు. రోజూ వాకిలి ఊడ్చేది నేనే కాబట్టి, అది నిండటం నాకే తెలిసేది.

కిందటి నెల బ్రేకు వేస్తే బండి ఒక పక్కకి లాగేసింది. వెనక సీట్లో పిల్లలున్నారు. మెకానిక్ డ్రమ్ము విప్పితే బ్రేకు లైనింగులు నూనెలో నానిపోయి ఉన్నాయి. యాక్సిల్ సీలు అరిగిపోయి గేరు నూనె అటే దిగుతోందట. సీలు కన్నా లైనింగులకే ఎక్కువ ఖర్చయింది.

కొత్త సీలు వేసిన వారానికే మళ్ళీ చెమ్మ! ఈసారి వెతికితే, యాక్సిల్ మీదుండే బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంది. బండి నడిచి లోపల వేడెక్కితే గాలికి బయటికి దారి లేక ఆ ఒత్తిడంతా సీలు మీదే పడుతుంది. బ్రీదర్ శుభ్రం చేయించి, సీలు మళ్ళీ మార్చాక ఆగింది.

పాత బండి ఉంచుకోవడం నాకూ ఇష్టమే. కానీ ముందు బ్రేకులు, తర్వాతే రంగులు. పళ్ళెం పెట్టడం రిపేరు కాదు. మీ ఇంట్లోనూ అలాంటి పళ్ళెం ఉంటే, ఇవాళే ఒకసారి వంగి చూడండి.